రెండు వేల వక్కచెట్లతో ఓ గుడి

క్రీ.శ. 1278. సంగయన బొమ్మిశెట్టి, మేలవ్వల కొడుకు మల్లిశెట్టి తన వాటాకు వచ్చిన 2,000 వక్కచెట్లను దేవుడికి రాసిచ్చాడు. తోట తమ్మడహళ్లిలో ఉంది. దేవుడు తైలంగెరె బ్రహ్మజినాలయంలో కొలువైన ప్రసన్న పార్శ్వదేవుడు. అందుకున్నది బాలేందు మలధారి అనే జైనముని. తోట రాబడితో ఆలయాన్ని పునాది నుంచి శిఖరం దాకా రాతితో కట్టాలని షరతు.

అమరాపురంలో దొరికిన ఈ కన్నడ శాసనం సారాంశం చదివాక మిగతా యాత్రంతా నాకు దీని చుట్టూనే తిరిగింది. ఎడిటర్‌గారు అప్పగించింది వేరు. కంబదూరు నుంచి బయల్దేరి చారిత్రక ప్రదేశాలు, మ్యూజియంలు చుట్టి ముఖచిత్ర కథనం ఇవ్వాలి. అనంతపురం వైపు యాత్ర అనగానే అందరి కార్లూ లేపాక్షికే తిరుగుతాయి. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటో తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. లేపాక్షి గొప్పతనం మీద నాకు అనుమానం లేదు. దాని నీడలో పడమటి ఊళ్లు కనపడకుండా పోతున్నాయన్నదే నా బాధ.

కంబదూరు సంగతే చూడండి. మల్లికార్జునస్వామి ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఊళ్లోని పాత గుళ్లు చాళుక్య శైలివి. ఇప్పుడు శివుడి పూజలు జరుగుతున్న ఈ ఊరు ఒకప్పుడు జైనులదని చరిత్రకారులు చెబుతారు. ఊరు దాటితే శెనక్కాయ చేలు, బోడిగుట్టలు. దక్షిణంగా వెళ్తే మధ్యలో కర్ణాటకలోని పావగడ తాలూకా వస్తుంది. దాన్ని దాటితే మళ్లీ మన నేలే. మడకశిర, అమరాపురం మీదుగా హేమావతికి చేరుకోవచ్చు.

చరిత్ర క్లుప్తంగా: నాటి హెంజేరు, నేటి హేమావతి నొళంబ పల్లవుల రాజధాని. నొళంబవాడి 32,000 అని శాసనాల్లో కనిపించే రాజ్యం వాళ్లది. 9, 10 శతాబ్దాలు వాళ్ల మంచి రోజులు. గంగరాజు రెండో మారసింహుడు వాళ్లను ఓడించి ‘నొళంబకులాంతక’ అని బిరుదు పెట్టుకున్నాడు. తర్వాత చోళులు వచ్చారు. గెలుపు గుర్తుగా తీసుకెళ్లిన నొళంబ స్తంభాలు 44 తిరువయ్యారు ఆలయంలో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 13వ శతాబ్దానికి ఈ ప్రాంతం నిడుగల్లు చోళుల చేతికి వచ్చింది. మల్లిశెట్టి తోట రాసిచ్చినప్పుడు రాజు ఇరుంగోళుడు.

హేమావతిలో దొడ్డేశ్వరాలయం కిటికీల దగ్గర ఆగండి. నల్లరాతిని జల్లెడలా తొలిచారు. మెలికలు తిరిగిన తీగ, ఆ మెలికల మధ్య ఖాళీల్లో నాట్యమాడే బొమ్మలు. రాయి వెనక నుంచి వెలుగు వస్తుంటే తీగ నల్లగా, బొమ్మల అంచులు తెల్లగా కనిపిస్తాయి. పక్కనే సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగరూపంలో కాదు, మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. ఊళ్లో దొరికిన శిల్పాలు కొన్ని ఆవరణలోనే భద్రపరిచారు. మరికొన్ని చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద కళాచరిత్రకారుడు శివరామమూర్తిగారు 1964లో ప్రత్యేకంగా పుస్తకమే రాశారు.

ఇక వక్కతోట దగ్గరికి వద్దాం. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే ప్రాంతం ఇది. వక్క ఏడాది పొడవునా తడి కోరే చెట్టు. నాటిన ఐదారేళ్లకు గాని గెల వేయదు. వేసవిలో ఒక్క నెల నీళ్లు తప్పితే తల వాల్చేస్తుంది. ఇప్పటి లెక్కలో ఎకరాకు 500 పైచిలుకు మొక్కలు నాటుతారు. ఆ లెక్కన మల్లిశెట్టి ఇచ్చింది దాదాపు నాలుగెకరాల తోట. కరెంటు మోటారు లేని రోజుల్లో నాలుగెకరాల వక్క బతికిందంటే పైన చెరువు నిండి ఉండాలి, కట్ట గట్టిగా ఉండాలి, తూము కింద వంతులు సరిగా జరిగి ఉండాలి. ఇవేవీ శాసనంలో రాయలేదు, రాయాల్సిన పనీ లేదు. ఏటా కాపు వస్తుందన్న నమ్మకం లేనివాడు ఆ కాపు మీద గుడి కట్టమనడు.

ఏం కట్టాలో మాత్రం వివరంగా రాయించాడు. మహామండపం, భద్రమండపం, లక్ష్మీమండపం, గోపురం, మానస్తంభం, మకరతోరణం. అర్చకుడు చెల్లపిళ్లె పాండ్యదేశం వాడు. మదుర వైపు నుంచి ఈ మెట్టకు వచ్చి బతకగలిగాడంటే ఊళ్లో తిండికి లోటు లేదనే కదా!

అమరాపురం, రొళ్ల, అగళి మండలాల్లో వక్కతోటలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు నీళ్లు వచ్చేది బోర్ల నుంచి. తోట కొనేవాళ్లు మొదట అడిగేది బోరు ఎన్ని ఇంచులు పోస్తోందని. బోరు ఎండితే చెట్టు నరకడమే. 1278లో లెక్క చెరువుతో, ఇవాళ లెక్క భూమి లోపలి నీళ్లతో. ఈ తేడా చూపించగలిగింది కిటికీ శిల్పం కాదు, మ్యూజియం అద్దాల అలమర కాదు, ఈ దానపత్రం ఒక్కటే. నేను దీన్ని ఇంత ఇష్టపడటానికి కారణం అదే.

దారిలో ఇంకా...

ముదిగల్లు: కల్యాణదుర్గం దగ్గర. ఇనుపయుగం నాటి రాతి సమాధులు. జనం వీటిని పాండవుల గుళ్లంటారు.

పెనుకొండ: 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని. గగన్ మహల్, పార్శ్వనాథ బసది చూడాలి.

బ్రహ్మగిరి: రాయదుర్గం దాటాక చిత్రదుర్గ జిల్లాలో. అశోకుడి శాసనాన్ని 1892లో బి.ఎల్. రైస్ వెలుగులోకి తెచ్చాడు.

గుత్తి: 1827లో పత్తికొండలో చనిపోయిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను మొదట ఖననం చేసింది ఇక్కడే. తర్వాత మద్రాసుకు తరలించారు.

లేపాక్షి వెళ్లేవాళ్లు ఇంకో రోజు చేర్చుకుని కంబదూరు, హేమావతి చూసి రండి. పురావస్తు శాఖకు ఓ విన్నపం: మల్లిశెట్టి దానం సారాంశాన్ని అమరాపురంలోనూ హేమావతిలోనూ తెలుగు, కన్నడ భాషల్లో పెద్ద అక్షరాలతో బోర్డు మీద పెట్టండి. 2,000 చెట్ల అంకెను వక్క రైతులు ముందు చదవాలి.