కొండదారియు సరళరేఖయు

విశాఖపట్టణపు మన్యమున కొయ్యూరు అను గ్రామము కలదు. 2022వ సంవత్సరమున ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అది చేరినది. ఒకవైపు నర్సీపట్నపు మైదానము, వేరొకవైపు చింతపల్లి, లంబసింగి గ్రామములున్న తూర్పుకనుమలు. ఈ కొండలలో రెండు విధములైన దారులు కనబడును. కాలిబాట నిట్టనిలువుగా పైకెక్కును. బండ్లు పోవు ఘాటురోడ్డు పాము మెలికలవలె చుట్లు తిరిగి అదే ఎత్తునకు చేరును. ఒకే ఎత్తునకు ఇట్టి రెండు దారులేల? గణితశాస్త్రములోని ఒక చిన్న సమీకరణము ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలదు.

దారి వెంబడి కొంత దూరము నడచినచో ఎత్తు ఎంత పెరుగునో తెలుపు సంఖ్యకు 'వాలు' అని పేరు. ఒక రోడ్డు సముద్రమట్టమునకు 100 మీటర్ల ఎత్తున మొదలై, కిలోమీటరునకు 50 మీటర్ల చొప్పున ఎక్కుచున్నదనుకొనుడు. అప్పుడు,

ఎత్తు = 50 × దూరము + 100

అగును. ఇందు 50 వాలు. దూరము సున్న అయినప్పటి ఎత్తు 100. దీనిని 'అంతరఖండము' అందురు.

దీనికి గ్రాఫు గీయుట మిక్కిలి సులభము. గ్రాఫు కాగితముపై అడ్డముగా ఎక్స్-అక్షమును గీచి దానిపై దూరమును, నిలువుగా వై-అక్షమును గీచి దానిపై ఎత్తును గుర్తింపవలెను. మొదట వై-అక్షముపై 100 వద్ద ఒక చుక్క పెట్టవలెను. అంతరఖండము చేయు పని ఇదియే. గీత ఎచ్చట మొదలగునో అది చెప్పును. అచ్చటినుండి ఒక కిలోమీటరు కుడికి, 50 మీటర్లు పైకి జరిగి రెండవ చుక్క పెట్టవలెను. వాలు చేయు పని ఇది. గీత ఎటు పోవునో అది చెప్పును. ఈ రెండు చుక్కలను కలిపి గీచిన సరళరేఖయే ఆ సమీకరణపు గ్రాఫు. మూడవ చుక్క సరిచూచుకొనుటకే: 2 కిలోమీటర్లకు 200 మీటర్లు. అదియు ఆ రేఖపైననే ఉండవలెను.

కనుమ 900 మీటర్ల ఎత్తున ఉన్నచో రోడ్డు ఎంత పొడవు ఉండవలెను? 900 నుండి 100 తీసివేయగా 800. దానిని 50చే భాగింపగా 16 కిలోమీటర్లు. కాలిబాట కిలోమీటరునకు 200 మీటర్ల చొప్పున ఎక్కినచో 4 కిలోమీటర్లు చాలును. రెండు గీతలును 100 వద్దనే మొదలగును, అంతరఖండము ఒకటే. వాలు హెచ్చైన గీత నిటారుగా లేచి త్వరగా 900ను అందుకొనును. కాని బరువుతో ఉన్న బండి ఆ వాలును ఎక్కజాలదు. వాలు తగ్గింపవలెనన్నచో పొడవు పెంచక తప్పదు. రైలుబండికి ఇంకను తక్కువ వాలు కావలెను. 60 మీటర్లకు 1 మీటరు చొప్పున ఎక్కు రైలుదారి 800 మీటర్లు ఎక్కుటకు 48 కిలోమీటర్లు పోవలెను. అరకు మీదుగా పోవు కొత్తవలస–కిరండూలు రైలుమార్గము సొరంగములు దూరుచు, కొండల చుట్టు తిరుగుచు పోవుటకు ఇదియే కారణము.

అయితే ఆ అధికమైన పొడవును త్రవ్వినవారెవరు? 1920వ దశాబ్దారంభమున నర్సీపట్నము నుండి చింతపల్లి వైపు కొండమీదికి ఆంగ్లప్రభుత్వము రోడ్డు వేయింపబూనినది. అధికారులు మన్యవాసులచే బలవంతముగా పని చేయించి, కూలి సరిగా ఈయరైరి. ఆ వాలు తగ్గించిన భారము వారి భుజములపై పడినది.

కూలిని గూడ గీతగా గీయవచ్చును. ఒకడు 60 అణాల అప్పుతో పనికి వచ్చెననుకొనుడు. వాని గీత సున్న వద్ద మొదలుకాదు. సున్నకు క్రింద, ఋణ 60 వద్ద మొదలగును. రోజునకు 6 అణాలు ముట్టినచో ఆ గీత 10 రోజులకు సున్నను చేరును. 2 అణాలే ముట్టినచో 30 రోజులు పట్టును. అదియును వడ్డి లేనప్పుడు, వాడు ఏమియు తినక దాచినప్పుడు! అంతరఖండము వాని దురవస్థను తెలుపగా, వాలు వానికి జరిగిన అన్యాయమును తెలుపును.

ఈ అన్యాయమును, అటవీశాసనముల నిర్బంధమును సహింపజాలని మన్యప్రజలకు అల్లూరి సీతారామరాజు నాయకుడయ్యెను. 1922 ఆగస్టు 22వ తేదీన ఆయన దళము చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసినది. 1924 మే 7వ తేదీన ఆంగ్లసైనికులు ఆయనను కొయ్యూరులో కాల్చి చంపిరి.

అన్ని గీతలును పైకి ఎక్కవు. కొండపైకి పోయినకొలది గాలి చల్లబడును. సామాన్యముగా 1000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గును. సముద్రమట్టమున 30 డిగ్రీలున్నప్పుడు 1000 మీటర్ల ఎత్తున 23.5 డిగ్రీలుండును. ఇచ్చట అంతరఖండము 30, వాలు ఋణసంఖ్య, గీత కుడివైపునకు దిగును. లంబసింగి చల్లగా ఉండుటకు ఇది ఒక కారణము.

సంఖ్యలను గీతలుగా చూపు ఈ పద్ధతికి మార్గము చూపినవారిలో ఫ్రాన్సు దేశీయుడైన రెనె డెకార్టు ముఖ్యుడు. ఆయన గ్రంథము 1637లో వెలువడినది. నేటికిని రోడ్డు వేయు ఇంజనీరు, వాతావరణమును పరిశీలించు శాస్త్రజ్ఞుడు, కూలి లెక్క వ్రాసికొను కార్మికుడు అడుగవలసినవి రెండే ప్రశ్నలు: ఎచ్చట మొదలైనది? ఏ చొప్పున మారుచున్నది? ఈ రెండును తెలిసినవానికి సరళరేఖ యావత్తును తెలిసినట్లే.