కాకినీ రాయాల్సిందే

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా పక్షుల లెక్క జరుగుతుంది. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు. 1998లో అమెరికాలో మొదలైంది, మన దేశం 2013లో చేరింది. ఆ రోజుల్లోనే ఇక్కడి విద్యాసంస్థలు తమ ఆవరణలో క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుపుతాయి. కనీసం 15 నిమిషాలు నిలబడో, నడుస్తూనో, కనిపించిన పక్షులనూ కూత వినిపించినవాటినీ రాసుకుని ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయాలి.

పిల్లలు దీన్ని మొదట పందెంలా తీసుకుంటారు. అరుదైన పిట్ట కనబడితే గెలుపు, కాకులూ గోరింకలే అయితే ఓటమి. మాస్టార్లలోనూ కొందరిది ఇదే ధోరణి. కానీ పరిశోధకులకు ఎక్కువ పనికొచ్చేది కాకితో సహా ఏదీ వదలకుండా రాసిన జాబితా.

పాలపిట్టనే తీసుకోండి. దసరా నాడు చూస్తే శుభమంటాం, తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. ఇదివరకంత కనబడటం లేదని పెద్దవాళ్లు అంటుంటారు. అది నిజమా, గడిచిన రోజుల మీద బెంగా? దేశంలోని పాలపిట్టలన్నిటినీ ఎవరూ లెక్కపెట్టలేరు. అయితే ఒక ప్రాంతం నుంచి వంద పూర్తి జాబితాలు వచ్చాయనుకుందాం. నలభైలో పాలపిట్ట ఉంది. పదేళ్ల తర్వాత అలాంటి వంద జాబితాల్లో పాతికలోనే ఉంది. తగ్గుతోందనడానికి ఒక ఆధారం దొరికినట్టే. ఈ లెక్కకు పాలపిట్ట ఉన్న జాబితాలెంత అవసరమో లేనివీ అంతే అవసరం. కాకులనూ గోరింకలనూ రాసిన పిల్ల పాలపిట్టను రాయలేదంటే, వెతికినా అది కనబడలేదని అర్థం. విశేషమైనవే ఏరి రాస్తే ఆ సంగతి తెలిసే దారి లేదు. అందుకే, గుర్తుపట్టినవన్నీ రాశారా అని యాప్ చివర్లో అడుగుతుంది. ఎంతసేపు చూశారో, ఎంత దూరం నడిచారో కూడా అడుగుతుంది. గంట తిరిగినవారికి ఎక్కువ కనబడతాయి కదా!

ఇలా దాదాపు 30,000 మంది ఇచ్చిన 3 కోట్ల నమోదులతో 2023లో భారతదేశ పక్షుల స్థితి నివేదిక వచ్చింది. 942 జాతులను పరిశీలించారు. పాలపిట్టలు పుష్కరకాలంలో సుమారు 30 శాతం తగ్గాయని తేలింది. నెమళ్లు, కోయిలలు మాత్రం పెరిగాయి.

పిల్లలు తప్పు రాస్తే? ఆ ప్రాంతంలో ఉండని పక్షినో, నమ్మలేనంత పెద్ద సంఖ్యనో రాస్తే యాప్ ఆపి అడుగుతుంది, ఆపైన స్థానిక నిపుణులు పరిశీలిస్తారు. అన్నిటికంటే మేలైన జాగ్రత్త, తెలియనిదాన్ని తెలియదనే రాయడం. ఏ జాతి డేగో తేలకపోతే 'ఏదో డేగ' అని నమోదు చేసే వీలుంది. పిల్లలకు ఈ అలవాటొక్కటి అబ్బినా చాలనిపిస్తుంది నాకు. సీతాకోకచిలుకలకూ, కప్పలకూ, మొక్కలకూ ఐనాచురలిస్ట్ అనే యాప్ ఉంది. ఫొటో పెడితే తెలిసినవారు పేరు చెబుతారు. ఫొటో కోసం గూటి దగ్గరికి మాత్రం పోనివ్వకూడదు.

ఎక్కువ జాతులు రాసినవారికి బహుమతి అని కొన్ని బడులు ప్రకటిస్తాయి. చూడనివాటిని రాయడం అక్కడే మొదలవుతుంది. బహుమతి ఇవ్వాలనుకుంటే వారం వారం అదే వేళకు అదే చెట్టు కిందికి వచ్చి, ఏమీ కనబడని రోజున కూడా ఆ మాటే నమోదు చేసే పిల్లలకివ్వండి.