ఇంట్లో వాటా కొనాలా? ఇల్లంతా కొనాలా?

ఇంగ్లండ్‌లో 3 లక్షల పౌండ్ల ఫ్లాట్ ఒకటి అమ్మకానికి ఉందనుకోండి. మామూలు మార్ట్‌గేజ్ మీద కొనాలంటే 5 శాతం డిపాజిట్ కింద చేతిలో 15 వేల పౌండ్లు ఉండాలి. అదే ఫ్లాట్‌ను షేర్డ్ ఓనర్‌షిప్ పథకంలో 6 వేలతోనే మొదలుపెట్టవచ్చు. నెలనెలా కట్టేది కూడా 500 పౌండ్లు తక్కువే. జీతంలో పెద్ద భాగాన్ని అద్దెకే పోస్తున్న ఏ కుటుంబానికైనా ఇది ఆశపెట్టే లెక్క. స్లౌ, రెడింగ్ లాంటి చోట్ల స్థిరపడాలని చూస్తున్న తెలుగువాళ్లకూ అంతే. కానీ ఇది మొదటి ఏడాది లెక్క మాత్రమే. ఇంటి అప్పు ముప్పై ఏళ్ల వ్యవహారం. లెక్కను చివరిదాకా వేసి చూడాలి.

పథకం ఎలా నడుస్తుంది?

ఇల్లు మొత్తం కాకుండా అందులో కొంత వాటా కొంటారు. మిగతాది హౌసింగ్ అసోసియేషన్ లాంటి సంస్థ చేతిలో ఉంటుంది. ఆ భాగానికి మీరు అద్దె కడతారు. పాత లీజుల్లో కనీస వాటా 25 శాతం. 2021లో వచ్చిన కొత్త నమూనా లీజులో 10 శాతం నుంచే కొనవచ్చు. మొదట కొనే వాటాకు గరిష్ఠ పరిమితి 75 శాతం. మొదటి ఏడాది అద్దె సాధారణంగా సంస్థ వాటా విలువలో 2.75 శాతం ఉంటుంది. కుటుంబ ఆదాయం లండన్‌లో ఏడాదికి 90 వేల పౌండ్లు, మిగతా ఇంగ్లండ్‌లో 80 వేలు దాటితే ఈ పథకానికి అర్హత ఉండదు. తర్వాత వీలైనప్పుడల్లా వాటా పెంచుకుంటూ పోవచ్చు. దీన్ని స్టెయిర్‌కేసింగ్ అంటారు.

మొదటి నెల లెక్క

రెండు దారులకూ 5 శాతం వడ్డీ, 30 ఏళ్ల గడువు, 5 శాతం డిపాజిట్ అనుకుందాం. షేర్డ్ ఓనర్‌షిప్‌లో 40 శాతం వాటా కొన్నారనుకుందాం. ఫ్లాట్ ఒకటే కాబట్టి భవన నిర్వహణకు కట్టే సర్వీస్ ఛార్జీని రెండువైపులా వదిలేద్దాం.

మామూలు మార్ట్‌గేజ్:
- డిపాజిట్: 15,000 పౌండ్లు
- అప్పు: 2,85,000 పౌండ్లు
- నెల వాయిదా: 1,530 పౌండ్లు

షేర్డ్ ఓనర్‌షిప్:
- 40 శాతం వాటా ధర: 1,20,000 పౌండ్లు
- డిపాజిట్: 6,000 పౌండ్లు
- అప్పు: 1,14,000 పౌండ్లు
- నెల వాయిదా: 612 పౌండ్లు
- మిగతా 60 శాతానికి అద్దె: 412 పౌండ్లు
- నెలకు మొత్తం: 1,024 పౌండ్లు

బ్యాంకులు సాధారణంగా ఏడాది ఆదాయానికి నాలుగున్నర రెట్ల దాకా అప్పిస్తాయి. 2,85,000 అప్పు కావాలంటే ఆదాయం 63 వేలు దాటాలి. 45 వేలు సంపాదించే వ్యక్తికి 2,02,500కు మించి రాదు. అంటే ఈ ఫ్లాట్ అతనికి అందదు. అందులో వాటా మాత్రం అందుతుంది. ఈ పథకానికి ఉన్న అసలు బలం ఇదే.

నెలసరి భారం ఎందుకు తగ్గిందో కూడా చూడండి. సంస్థ వాటా 1,80,000 పౌండ్లు. ఆ మొత్తాన్ని బ్యాంకు దగ్గర 5 శాతానికి తెస్తే ఏడాది వడ్డీయే 9,000. సంస్థ తీసుకునే అద్దె 4,950. మొదటి ఏడాది ఇది నిజంగానే చవక.

ఇరవయ్యో ఏట ఏమవుతుంది?

అసలు తీరే కొద్దీ బ్యాంకుకు కట్టే వడ్డీ తగ్గుతుంది. అద్దె మాత్రం ఏటా పెరుగుతుంది. పాత లీజుల్లో పెంపు ఆర్‌పీఐ (రిటైల్ ధరల సూచీ) ద్రవ్యోల్బణానికి అర శాతం అదనం. 2023 అక్టోబరు నుంచి కొత్త లీజులకు సీపీఐ (వినియోగదారుల ధరల సూచీ) ద్రవ్యోల్బణానికి ఒక శాతం అదనం. ద్రవ్యోల్బణం 2 శాతమే ఉంటుందనుకున్నా అద్దె ఏటా 3 శాతం పెరుగుతుంది. అప్పుడు 412 పౌండ్ల అద్దె పదేళ్లకు 554, ఇరవై ఏళ్లకు 745, ముప్పై ఏళ్లకు 1,001 అవుతుంది.

ద్రవ్యోల్బణం అదుపు తప్పితే? 2022 అక్టోబరులో ఆర్‌పీఐ 14.2 శాతానికి చేరింది. హౌసింగ్ అసోసియేషన్లు ఆ తర్వాతి ఏడాది పెంపును స్వచ్ఛందంగా 7 శాతానికి పరిమితం చేశాయి కాబట్టి వాటాదారులు ఊపిరి పీల్చుకున్నారు. లీజులో రాసుకున్న సూత్రం మాత్రం అలాగే ఉంది.

వడ్డీ మారదనుకుని ముప్పై ఏళ్లకు కూడి చూద్దాం. ఇల్లంతా కొన్నవారు వాటాదారు కన్నా వాయిదాల రూపంలో సుమారు 3.3 లక్షల పౌండ్లు ఎక్కువ కడతారు. ఆ తర్వాత అప్పు తీరిపోతుంది, ఇల్లు పూర్తిగా వాళ్లది. వాటాదారు అద్దె రూపంలో సుమారు 2.35 లక్షలు కడతారు. అప్పటికీ ఆయనది 40 శాతమే. రిటైరయ్యే వయసులో నెలకు వెయ్యి పౌండ్ల అద్దె మిగిలే ఉంటుంది.

వాటా పెంచుకోవడం అంత సులువా?

‘తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటాం’ అని చాలామంది అనుకుంటారు. నెలనెలా మిగిలిన తేడానంతా దాచినా అయిదేళ్లలో పోగయ్యేది సుమారు 28,800 పౌండ్లు. ఇంటి ధర ఏటా 3 శాతం పెరిగితే ఆ నాటికి ఫ్లాట్ విలువ 3,47,800 అవుతుంది. అదనపు వాటాను ఆనాటి మార్కెట్ ధరకే కొనాలి. 10 శాతానికి 34,780 పౌండ్లు కావాలి. అంటే అయిదేళ్ల పొదుపు 10 శాతానికి కూడా చాలదు. పైగా వాటా పెంచుకునేటప్పుడు వాల్యుయేషన్, సొలిసిటర్ ఫీజులూ ఉంటాయి. జీతం బాగా పెరిగి, దాని మీద కొత్తగా అప్పు దొరికితే తప్ప మెట్లెక్కడం కష్టం.

ధర పడిపోతే నష్టం కూడా మీ వాటా మేరకే పరిమితం అవుతుందన్నది నిజం. ఆ మేరకు వాటాదారుకు కొంత రక్షణ ఉంది.

మరమ్మతులు, సర్వీస్ ఛార్జీ

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పాత లీజుల్లో 25 శాతం వాటా ఉన్నా మరమ్మతుల ఖర్చు, సర్వీస్ ఛార్జీ నూటికి నూరు శాతం మీవే. కొత్త నమూనాలో మొదటి పదేళ్లు భవనం బయటి భాగానికీ, నిర్మాణానికీ సంబంధించిన ముఖ్యమైన మరమ్మతులను సంస్థ భరిస్తుంది. లోపలి మరమ్మతులకు ఏడాదికి 500 పౌండ్ల దాకా ఇస్తుంది. లీజు గడువు కూడా 990 ఏళ్లు. పాత లీజులు ఎక్కువగా 99 లేదా 125 ఏళ్లవే. ఒకరి నుంచి మరొకరు కొనే రీసేల్ ఫ్లాటయితే పాత లీజే మీ మెడకు చుట్టుకుంటుంది. పెరిగే అద్దెలు, సర్వీస్ ఛార్జీల వల్ల చాలామందికి ఈ పథకం మోయలేనిదిగా మారుతోందని 2024 మార్చిలో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ఒకటి తేల్చి చెప్పింది.

హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉంటే?

మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది. తొలి ఇల్లు కొనేవారికి 3 లక్షల పౌండ్ల దాకా స్టాంప్ డ్యూటీ లేదు. అయితే ప్రపంచంలో ఎక్కడైనా, ఎప్పుడైనా మీ పేర ఇల్లు ఉండి ఉంటే ఈ రాయితీ రాదు. వారసత్వంగా వచ్చిన ఇల్లయినా అంతే. భార్యాభర్తలు కలిసి కొంటుంటే ఇద్దరికీ ఇదే మొదటి ఇల్లు కావాలి. రాయితీ పోతే 3 లక్షల ఇంటికి 5,000 పౌండ్ల డ్యూటీ పడుతుంది. ఇండియాలోని ఇల్లు 40 వేల పౌండ్ల విలువకు తగ్గకుండా ఇప్పటికీ మీ పేరనే ఉంటే 5 శాతం సర్‌ఛార్జి కూడా కలిసి సాధారణంగా 20,000 అవుతుంది. షేర్డ్ ఓనర్‌షిప్‌కయితే కొనేనాటికి మరో ఇల్లు ఉండకూడదన్నదే నిబంధన.

ఏది మేలు?

మామూలు మార్ట్‌గేజ్ ఏ కాస్త అందుబాటులో ఉన్నా దానికే మొగ్గండి. ఇల్లు చిన్నదైనా, స్టేషన్‌కు కాస్త దూరమైనా ఫర్వాలేదు. అది అందనివారికి మూడు షరతులు కుదిరితేనే షేర్డ్ ఓనర్‌షిప్ మంచిది. లీజు కొత్త నమూనాది కావాలి. గత మూడేళ్ల సర్వీస్ ఛార్జీ లెక్కలు చూసి తృప్తి చెందాలి. పదేళ్లలో వాటాను బాగా పెంచుకోగల ఆదాయం వస్తుందన్న నమ్మకం ఉండాలి. సంతకం చేసే ముందు లీజులో అద్దె పెంపు పేరాను సొలిసిటర్ పక్కన కూర్చుని చదవండి. ఇరవయ్యో ఏట ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఆ అంకె మోయగలమనుకుంటేనే ముందుకెళ్లండి.