మెర్సెన్ మాట, లూకా గణితము

చదరంగపు గడులలో ధాన్యపు గింజలు పోయు కథ నెఱుగనివారు మనలో నరుదు. మొదటి గడిలో నొకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు 64 గడులను నింపినచో మొత్తము గింజలు 1,84,46,74,40,73,70,95,51,615 అగును. ఇది 2 యొక్క 64వ ఘాతమునుండి ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్య. చివర 5 ఉన్నందున దీనిని అయిదు నిశ్శేషముగా భాగించునని బాలురును చెప్పగలరు.

బల్లకు 127 గడులుండినయెడల మొత్తము 170141183460469231731687303715884105727 అగును. ఈ 39 అంకెల సంఖ్యను ఒకటియు, తానును దప్ప మఱే సంఖ్యయు నిశ్శేషముగా భాగింపజాలదు. ఇట్టివానినే ప్రధాన సంఖ్యలందురు. ఈ విషయము లోకమునకు తెలిసివచ్చిన విధము విచారింపదగినది.

ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి మరెన్ మెర్సెన్ 1644లో నొక పట్టికను ప్రకటించెను. ఘాతము 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అయినపుడు ఇట్టి సంఖ్యలు ప్రధానములగుననియు, 257 లోపల తక్కిన ఘాతములకు కావనియు నాతడు వ్రాసెను. నిదర్శనము చూపలేదు. 31వ ఘాతపు సంఖ్యను ఆయిలర్ 1772లో స్థిరపఱచెను. పెద్దవానిని పరీక్షించుటకు మార్గము లేకపోయెను. 127వ ఘాతపు సంఖ్యను వర్గమూలము వఱకు గల బేసి సంఖ్యలన్నిటితో, నిమిషమునకొక భాగహారము చొప్పున పరీక్షించినచో సుమారు పండ్రెండు లక్షల కోట్ల సంవత్సరములు పట్టును.

1876లో ఎడువార్ లూకా భాగహారముల జోలికి పోకయే ఆ సంఖ్య ప్రధానమని నిరూపించెను. ఆతని పద్ధతిని 1930లో లేమర్ సులభతరము చేసెను. 5వ ఘాతపు సంఖ్య యగు 31ని దీనికి ఉదాహరణముగా గైకొందము. 4తో మొదలిడి, దాని వర్గమునుండి 2 తీసివేయగా 14. మరల నట్లే చేయగా 194. 31చే భాగింప శేషము 8. దాని వర్గమునుండి 2 తీసివేయగా 62, శేషము సున్న. ఘాతము కంటె రెండు తక్కువ మారులు, అనగా మూడు మారులు చేయగా సున్న వచ్చినది. కావున 31 ప్రధానము. సున్న రాకున్న కాదు. 127వ ఘాతమునకు 125 మారులు చాలును!

ఆ సంవత్సరముననే లూకా 67వ ఘాతపు సంఖ్య ప్రధానము కాదని తేల్చెను. దాని కారణాంకములు మాత్ర మాతనికి దొరకలేదు. 1903లో అమెరికా గణితజ్ఞుడు కోల్ అది 193707721, 761838257287 అను వాని లబ్ధమని చూపెను. 257ను పొరపాటే యని పిమ్మట తేలెను. 61, 89, 107 పట్టికలో ఉండవలసినవి, లేవు.

2024 అక్టోబరులో ప్రకటింపబడిన ప్రధాన సంఖ్య 2 యొక్క 13,62,79,841వ ఘాతమునకు ఒకటి తక్కువ. దాని యంకెలు 4,10,24,320. యంత్రములు మారినను, దానిని స్థిరపఱచినది ఆ లూకా–లేమర్ పరీక్షయే.

127 విషయమున మెర్సెన్ చెప్పినది సత్యమే. అయినను 1876 వఱకు అది నమ్మకము మాత్రమే. అదే నోట 67 గూర్చి వెడలిన మాట యసత్యమైనది. పేరుగల సాక్షి చెప్పెనని న్యాయాధిపతి తీర్పు వ్రాయడు గదా. వక్త గొప్పతనము మాటకు గౌరవము తెచ్చును గాని, దానిని సత్యము చేయజాలదు. ఆ పని నిరూపణముదే.