బట్టలబీరువాయు దీపపు స్విచ్చియు

గోడనుండి గోడకు, నేలనుండి పైకప్పువఱకు చెక్కతో బట్టలబీరువా కట్టించుకొనుట మన యిండ్లలో నిప్పుడు వాడుకయైనది. వడ్రంగి కొలతలు తీసికొనునాడు గోడమీది స్విచ్చిబోర్డు సంగతి యెవరికిని తోచదు. పలకలు బిగించునాటి కది బీరువాలోపల చిక్కుకొనును. అప్పుడు వెనుకపలకకు చదరముగా రంధ్రము కోయించి, చీరల మడతల నడుమ చేయిదూర్చి దీపము వెలిగించుకొనువారు కలరు. ఇది మాకు సమ్మతము కాదు. చీకటిలో తడుముకొనుట యొక చిక్కు. మఱియు బోర్డులో తీగను బిగించిన స్క్రూ సడలినచో ఆ చోటు వేడెక్కును. బట్టలచాటున నున్నదానిని ఎవరు కనిపెట్టుదురు? కావున స్విచ్చిని బీరువా వెలుపలికి మార్పింపవలసినదే.

చోటు నిర్ణయించుట సులభము. తలుపు తెఱచినపుడు దాని చాటున పడకుండ, గడియవైపున, నేలకు సుమారు 4 అడుగుల యెత్తున నున్నచో పిల్లలకును పెద్దలకును అందును. తీగల సంగతియే ముఖ్యము.

మన యిండ్లలో దీపములకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. దీపమునకు ఫేజు, న్యూట్రల్ అను రెండు తీగలు పోవును. స్విచ్చి ఫేజుతీగమీదనే యుండవలెను. తెలియనివాడు దానిని న్యూట్రలుమీద పెట్టినను దీపము వెలుగుచు ఆఱుచునే యుండును గనుక చూచువారికి భేదము తెలియదు. కాని దీపమాఱిన పిమ్మటను హోల్డరులో ఫేజు నిలిచియే యుండును. స్విచ్చి ఆపితిని గదా యను ధైర్యముతో స్టూలెక్కి బల్బు మార్చువాని ప్రాణము ఈ యొక్క తీగమీద నాధారపడియున్నది. ఫేజునకు ఎఱుపు, పసుపు లేక నీలము, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ అని మన దేశపు వాడుక. అయినను పాత యిండ్లలో రంగును నమ్మరాదు. టెస్టరుతో చూచియే నమ్మవలెను.

రెండవది అతుకు. పాతతీగ క్రొత్తచోటికి పొడవు చాలదు. అప్పుడొక ముక్కను మెలిపెట్టి, టేపుచుట్టి, సిమెంటు పూసి కప్పివేయుట కొందఱి పద్ధతి. పదవ తరగతి భౌతికశాస్త్రము చదివిన విద్యార్థులు దీని దోషమును తామే చెప్పగలరు: సరిగా కలియని అతుకువద్ద నిరోధము హెచ్చు, నిరోధము హెచ్చినచోట వేడి పుట్టును. కావున పైకప్పువద్ద నున్న జంక్షన్ పెట్టెనుండి క్రొత్త స్విచ్చివఱకు పైపులో అతుకులేని రాగితీగనే లాగింపవలెను. దీపములకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ చాలును. అది వీలుగానిచో పాత పెట్టెనే అతుకుపెట్టెగా నుంచి మూతవేసి, ఆ మూత తెఱచుటకు వీలుగా బీరువా వెనుకపలకలో నొకముక్కను ఊడదీయదగినట్లు చేయింపవలెను. పైపు స్విచ్చినుండి నిట్టనిలువుగా పైకి పోవలెను. ఐమూలగా పోయినచో వడ్రంగి డ్రిల్లు దానినే వెదకికొనిపోవును!

అన్నిటికంటె మోసకరమైనది ఇన్వర్టరు. మెయిను ఆపినంతనే యింటిలోని తీగలన్నియు నిర్జీవములైనవని యనుకొందురు. ఇన్వర్టరుగల యింట మెయిను ఆపుటయనగా దానికి కరెంటు పోయినదని తెలుపుటయే. అది తత్క్షణమే బ్యాటరీనుండి దీపముల తీగలకు ఆ 230 వోల్టులనే పంపును. అందుచేత మెయినును ఇన్వర్టరును రెండింటిని ఆపవలెను. ఆపకముందే టెస్టరును కరెంటున్నచోట పెట్టి, అది వెలుగుచున్నదని చూచుకొనవలెను. చెడిపోయిన టెస్టరు ఎక్కడ పెట్టినను వెలుగదు గదా. పిమ్మట మార్చబోవు స్విచ్చిలోని ప్రతి తీగను దానితో పరీక్షింపవలెను.

ఈ పనిని లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. విద్యార్థులు తామే స్క్రూడ్రైవరు పట్టరాదు. తల్లిదండ్రులు మాత్రము ప్రక్కన నిలిచి, స్విచ్చి ఏ తీగమీద నున్నది, అతుకు ఎక్కడ నున్నది, ఇన్వర్టరు ఆపితివా యని యడుగవచ్చును. అడిగినందుకు మంచి పనివాడు కోపగింపడు.

గోడ పూయకముందే, పైపు పోయిన దారిప్రక్కన కొలతటేపు నానించి ఫోటో తీసి ఇంటి కాగితములతో నుంచుకొనినచో, పదియేండ్ల తరువాత అదే గోడకు మేకు కొట్టువేళ పనికివచ్చును.