రష్యా రాజకీయ వ్యవస్థ – విశ్వవిద్యాలయ అధ్యయనం

రాజనీతి శాస్త్రం చదివే విద్యార్థికి తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. మన మండల కార్యాలయంలో పని ఎట్లా జరుగుతుందో సరిగా తెలియని మనకు ఎక్కడో ఉన్న మాస్కో సంగతి దేనికి? ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానం చెప్పుటకును, రష్యా వంటి దేశపు ప్రభుత్వ వ్యవస్థను విశ్వవిద్యాలయ స్థాయిలో ఏ విధంగా చదవవలసి ఉంటుందో వివరించుటకును ఈ వ్యాసంలో ప్రయత్నిస్తున్నాము. మా అభిప్రాయాన్ని ముందుగానే మనవి చేస్తాము. రాజ్యాంగ గ్రంథంలోని అక్షరం, దేశంలో అధికారం నడిచే తీరు, ఆ ప్రజల భాష – ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడే అది నిజమైన చదువవుతుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా అది పరీక్ష గట్టెక్కుటకు మాత్రమే పనికివస్తుంది.

మెతుకుసీమ – మాస్కో

మన ప్రాంతానికి ఆ దేశంతో సంబంధం లేదనుకొనుట పొరపాటు. 1971 ఆగస్టు 9న భారత–సోవియట్ మైత్రీ ఒప్పందం కుదిరినప్పుడు ప్రధానమంత్రిగా ఉన్న శ్రీమతి ఇందిరాగాంధీ, 1980 ఎన్నికలలో రాయబరేలీ, మెదక్ స్థానాలు రెండింటా గెలిచి మెదక్‌నే నిలుపుకొన్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురి అయ్యేవరకు ఆమె మన లోక్‌సభ సభ్యురాలు. 1980 డిసెంబరులో సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ ఢిల్లీకి వచ్చినప్పుడు ఆయనతో చర్చలు జరిపినది మెదక్ ప్రతినిధియే.

1984లో పూర్వపు మెదక్ జిల్లాలోని ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం స్థాపితమైనది. ఆ గ్రామం ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. అక్కడ సోవియట్ నమూనా ననుసరించి తయారైన బి.ఎం.పి.-2 అనే సైనిక వాహనానికి మన దేశంలో 'శరత్' అని పేరు. బి.ఎం.పి. అన్నవి ఇంగ్లీషు మాటలకు పొడి అక్షరాలు కావు. 'బోయెవాయా మషీనా పెఖోతీ' అనే రష్యన్ మాటలకు సంక్షేపం. పదాతి దళపు పోరాట వాహనమని దాని అర్థం. మన పొరుగున వేలాదిమంది నోట నలిగిన మాట రష్యన్ మాట అని మనలో ఎందరికి తెలుసు?

ఉర్దూ విద్యార్థులకు ప్రియమైన కవి మఖ్దూం మొహియుద్దీన్ పుట్టినది కూడా పూర్వపు మెదక్ జిల్లాలోని అందోలులోనే. హైదరాబాదు సిటీ కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసి, కమ్యూనిస్టు ఉద్యమ నాయకుడైన ఆయన తరంవారికి సోవియట్ దేశం ఒక ఆశాజ్యోతి. ఆ తరువాతి తరంవారు 'సోవియట్ భూమి' పత్రిక నున్నని కాగితాలతో బడిపుస్తకాలకు అట్టలు వేసుకున్నారు. అభిమానమైతే కలిగింది కాని, ఆ రాజ్యం ఎట్లా నడుస్తున్నదో తెలుసుకొనుటకు అభిమానమొక్కటే చాలదు.

అక్షరం – ఆచరణ

పూర్వం మన విశ్వవిద్యాలయాలలో తులనాత్మక ప్రభుత్వాలు అనే పాఠ్యాంశం క్రింద బ్రిటను, అమెరికాలతోపాటు సోవియట్ రాజ్యాంగాన్ని కూడా బోధించేవారు. 1977 అక్టోబరు 7న ఆమోదింపబడిన రాజ్యాంగం ప్రకారం అత్యున్నత అధికారం సుప్రీం సోవియట్ అనే రెండు సభల శాసన వ్యవస్థది. కాని ఆ సభలు ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే సమావేశమయ్యేవి. తీర్మానాలు ఏకగ్రీవంగా జరిగిపోయేవి. అసలు నిర్ణయాలు కమ్యూనిస్టు పార్టీ పొలిట్‌బ్యూరోలో జరిగేవి. 1973లో బ్రెజ్నెవ్ మన దేశానికి వచ్చినప్పుడు ఆయన దేశాధ్యక్షుడు కాడు, ప్రధానమంత్రి కూడా కాడు. పార్టీ ప్రధాన కార్యదర్శి మాత్రమే. అయినను దేశం తరఫున మాట్లాడినవాడు ఆయనే. పదవి పేరు ఒకటి, అధికారం ఉన్న చోటు మరొకటి అనుటకు ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

అంతమాత్రాన రాజ్యాంగంలోని అక్షరాన్ని త్రోసిపుచ్చరాదు. అదే రాజ్యాంగం 72వ అధికరణం ప్రతి యూనియన్ రిపబ్లిక్‌కును విడిపోయే హక్కు ఉన్నదని చెప్పింది. అది కాగితం మీది మాటేనని చాలామంది పండితులు తలచారు. 1990 మార్చిలో పార్టీ నాయకత్వ పాత్రకు సంబంధించిన 6వ అధికరణం సవరింపబడినది. 1991 డిసెంబరు నాటికి సోవియట్ యూనియన్ 15 స్వతంత్ర దేశాలైనది. పార్టీ పట్టు సడలిన వెంటనే నిద్రాణంగా ఉన్న అక్షరం మేల్కొన్నది. ఆచరణను మాత్రమే చూచినవాడును, అక్షరాన్ని మాత్రమే వల్లించినవాడును ఇద్దరూ ఆ మార్పును ముందుగా పసిగట్టలేకపోయారు.

ప్రస్తుత రష్యా రాజ్యాంగం 1993 డిసెంబరు 12న ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఆమోదింపబడినది. దీని ప్రకారం పార్లమెంటులో 450 మంది సభ్యులు గల రాజ్య దూమా, ఫెడరేషన్ కౌన్సిల్ అని రెండు సభలున్నవి. మొదట నాలుగేళ్ళుగా ఉన్న అధ్యక్షుని పదవీకాలం 2008 సవరణతో ఆరేళ్ళకు పెరిగినది. 2008 నుండి 2012 వరకు మెద్వెదెవ్ అధ్యక్షుడు, పుతిన్ ప్రధానమంత్రి. రాజ్యాంగం ప్రకారం పైచేయి అధ్యక్షునిదే అయినను, ఆ నాలుగేళ్ళలో పగ్గాలు పుతిన్ చేతిలోనే ఉన్నవని ఎక్కువమంది పరిశీలకుల అభిప్రాయం. 2020 సవరణలు పుతిన్ గతంలో నిర్వహించిన పదవీకాలాలను లెక్కలోనికి రాకుండ చేసినవి. పార్టీ మారినది, రాజ్యాంగం మారినది. పదవినీ అధికారాన్నీ వేరువేరుగా గుర్తించవలసిన అవసరం మాత్రం తీరలేదు.

దేశపు ఎల్లలు సైతం ఈ పరీక్షకు లోబడినవే. 2014లో క్రిమియాను, 2022లో మరి నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలను రష్యా తనలో కలుపుకొని, వాటి పేర్లను రాజ్యాంగంలో చేర్చింది. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఈ చర్యలను గుర్తింపలేదు. ఆ రెండు తీర్మానాలపైన భారతదేశం తటస్థంగా ఉన్నది. విద్యార్థి ఈ మూడు విషయాలనూ పక్కపక్కన ఉంచుకొని చదవాలి.

భాష తెలియక రాజ్యం తెలియదు

ఒక మాటలోని తేడా వలన ఎంత అర్థం మారుతుందో చూడండి. మనం 'రష్యన్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకొంటాము. వారికి రెండు మాటలున్నవి. 'రూస్కీ' అంటే రష్యన్ జాతికి చెందినవాడు. 'రస్సియానిన్' అంటే రష్యా దేశపు పౌరుడు. వోల్గా నదీతీరాన కజాన్ నగరం రాజధానిగా గల తాతార్‌స్తాన్‌లోని తాతార్ ముస్లిం రస్సియానిన్ అవుతాడు కాని, రూస్కీ కాడు. రాజ్యాంగం 'రష్యా ఫెడరేషన్‌లోని బహుజాతి ప్రజలము' అని ఆరంభమగుటలోని అంతరార్థం ఈ తేడా తెలిసినవానికే బోధపడుతుంది. అనేక భాషలు, అనేక మతాలు ఉన్న దేశంలో పుట్టిన మనకు ఇది కొత్త సమస్య కాదు. 1994లో తాతార్‌స్తాన్ మాస్కోతో అధికారాల పంపిణీ ఒప్పందం చేసుకొన్నది. 2017లో దాని గడువు తీరగా మరల పొడిగింపలేదు. అల్పసంఖ్యాకుల హక్కులు, కేంద్ర–రాష్ట్ర సంబంధాలు చదివే విద్యార్థికి ఇంతకన్న ఆసక్తికరమైన పాఠం ఉండదు.

రష్యన్ భాష కఠినమైనదని భయపడనక్కరలేదు. దాని అక్షరాలు 33 మాత్రమే. దానికి ఆరు విభక్తులున్నవి. ప్రథమ మొదలు సంబోధన వరకు వల్లించిన తెలుగు విద్యార్థికి విభక్తి అన్నది కొత్త మాట కాదు. 'అతడు విద్యార్థి' అని మనం క్రియ లేకుండా చెప్పినట్లే రష్యన్‌లోను 'ఓన్ స్తుద్యేంత్' అంటారు. ఇంగ్లీషులో, ఉర్దూలో ఇట్లా చెప్పుటకు వీలులేదు. ఉర్దూ తెలిసినవారికి మరొక లాభమున్నది. మధ్య ఆసియాను చదవబోతే తాతార్‌లోని 'కితాప్', ఉజ్బెక్‌లోని 'కితోబ్' తమ 'కితాబ్'కు చుట్టాలేనని వెంటనే గుర్తిస్తారు. రాజ్యాన్ని రష్యన్‌లో 'గొసుదార్‌స్త్వొ' అంటారు. 'గొసుదార్' అంటే ప్రభువు. మన 'రాజ్యం' రాజు నుండి పుట్టినట్లే అదీ పుట్టింది. 1972లోనే మాస్కోలో తెలుగు–రష్యన్ నిఘంటువు వెలువడినది. వారు మన భాష నేర్చుకొన్నారు. మనం వారి భాష నేర్చుకొనుటకు సంకోచమెందుకు?

మన సొంత చరిత్రకు కూడ ఆ భాష అవసరమే. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతున్న 1951 ఫిబ్రవరిలో అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో చర్చించారు. ఆ సంవత్సరం అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడినది. ఆనాటి సంభాషణల వివరాలు సోవియట్ పతనానంతరం అక్కడి దస్తావేజుల నుండి వెలుగుచూచినవి. తెలంగాణ చరిత్రలోని ఒక పుట రష్యన్ లిపిలో ఉన్నదన్నమాట.

ఎక్కడ చదవవచ్చును?

హైదరాబాదులో 1958లో స్థాపితమై, తరువాత విశ్వవిద్యాలయమైన ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థలో రష్యన్ విభాగమున్నది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో రష్యన్ భాషకు ఒక కేంద్రం, రష్యా–మధ్య ఆసియా రాజకీయాలకు అంతర్జాతీయ అధ్యయన విభాగంలో మరొక కేంద్రం ఉన్నవి. మాస్కోలో 1960లో స్థాపించిన ప్రజామైత్రీ విశ్వవిద్యాలయానికి లుముంబా పేరు 1992లో తొలగి, 2023లో మరల వచ్చినది. ఆ దేశ రాజకీయాలు విశ్వవిద్యాలయపు పేరులో కూడ కనిపిస్తాయి! చదువు ఎక్కడైనను విధానం ఒక్కటే: మాస్కో ప్రచురణలు ఒక పక్షం చెబుతాయి, పాశ్చాత్య గ్రంథాలు మరొక పక్షం చెబుతాయి, రెండింటినీ చదివి, మూలపత్రంతో సరిచూచుకోవాలి. భారత విదేశాంగ సేవలో చేరే అధికారులకు నేర్పే భాషలలో రష్యన్ ఒకటి.

తెలియకపోవుటకు చెల్లించే మూల్యం

ఇదంతయు పండితుల వ్యవహారమని తలచేవారికి ఒక్క సంగతి గుర్తుచేస్తాము. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం ఆరంభమైన తరువాత, సహాయకుల ఉద్యోగాలని చెప్పిన దళారులను నమ్మి మన తెలంగాణ యువకులు కొందరు రష్యా వెళ్ళారు. చదవలేని రష్యన్ పత్రాలపైన సంతకాలు చేసి, చివరకు యుద్ధరంగానికి చేరారు. హైదరాబాదు యువకుడొకడు మరణించినట్లు 2024 మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయం తెలిపింది. అదే నెలలో కేంద్ర నేరపరిశోధక సంస్థ దళారులపైన కేసు నమోదు చేసింది. తప్పు ఆ యువకులది కాదు. బతుకుతెరువు వెదుక్కొనుట నేరం కాదు. కాని పత్రం పైభాగాన ఉన్నది ఏ శాఖ పేరో చదివి చెప్పగలిగినవాడు ఊరికొక్కడు ఉన్నా కొన్ని ఇండ్లకు ఈ దుఃఖం తప్పేదేమో!

కావున కళాశాల పాలకవర్గానికి మా మనవి చిన్నది. మన గ్రంథాలయంలో ఒక రష్యన్ నిఘంటువు, 1977, 1993 రాజ్యాంగాల ప్రతులు ఉంచవలెను. వారానికి ఒక గంట ఆ 33 అక్షరాలు నేర్పే ఏర్పాటు చేయవలెను. విద్యార్థి సోదరులకు, సోదరీమణులకు మేము చెప్పేది ఇంతే: ఏ దేశపు రాజ్యాంగం చదివినా, అందులో ఏమి వ్రాసి ఉన్నదో చూడండి, అది ఎట్లా అమలవుతున్నదో చూడండి, వారి భాషలో ఆ మాటకు అర్థమేమిటో అడగండి. ఈ అలవాటు పట్టుబడినవాడు మాస్కో సంగతినే కాదు, మన మండల కార్యాలయం సంగతిని కూడ చక్కగా తెలుసుకొనగలడు.