దంపతుల మధ్య చేబదులు: చట్టం ఏమంటుంది?

ఖరీఫ్ పెట్టుబడికి సొమ్ము చాలనప్పుడు చాలా ఇళ్లలో ముందుగా తాకట్టుకు వెళ్లేది ఇల్లాలి బంగారమే. కొందరు మహిళలు పొదుపు సంఘం ద్వారా పొందిన రుణాన్ని భర్త నడిపే ఎరువుల దుకాణానికి ఇస్తుంటారు. "పంట చేతికి రాగానే ఇచ్చేస్తాను" అన్న మాట తప్ప వేరే ఆధారం ఉండదు. కాపురం సవ్యంగా సాగినంత కాలం ఆధారంతో పని పడదు. మనస్పర్థలు వచ్చినప్పుడో, భర్త మరణించి ఆస్తి పంపకాలు జరిగేటప్పుడో, ఆ సొమ్ము అప్పా, సంసారపు ఖర్చా అన్న ప్రశ్న తలెత్తుతుంది.

మాటకు ఉన్న విలువ

భార్యాభర్తలు ఒకరికొకరు అప్పు ఇచ్చుకోరాదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఎక్కడా చెప్పలేదు. నోటిమాటగా ఇచ్చిన అప్పు కూడా చెల్లుతుంది. అయితే, ఇచ్చిన మాటకు చట్టరీత్యా కట్టుబడాలన్న ఉద్దేశం ఇరువురికీ ఉన్నదా అని న్యాయస్థానం పరిశీలించవచ్చు. ఈ సూత్రానికి మూలం 1919లో ఇంగ్లండులో వెలువడిన బాల్ఫోర్ తీర్పు. సింహళంలో నీటిపారుదల శాఖ అధికారి ఒకరు ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు 30 పౌండ్లు పంపుతానని మాట ఇచ్చారు. అది సంసారపు ఏర్పాటే గాని ఒప్పందం కాదని కోర్టు నిర్ణయించింది. అక్కడ వివాదం ఇంటి ఖర్చుల గురించి. తిరిగి చెల్లిస్తానని తీసుకున్న అప్పు వేరు. మీరిచ్చినది అప్పేనని చూపగలిగితే వివాహబంధం దానికి అడ్డు కాదు.

ఆధారం ఎలా ఉండాలి?

సొమ్మును బ్యాంకు ఖాతా ద్వారా ఇవ్వండి. తేదీ, మొత్తం, వడ్డీ ఉంటే దాని రేటు పేర్కొంటూ ప్రామిసరీ నోటు రాయించుకోండి. రెవెన్యూ స్టాంపు అంటించి దానిపై సంతకం చేయించాలి. స్టాంపు లేని నోటును కోర్టు సాక్ష్యంగా స్వీకరించదు. తరువాత జరిమానా కట్టినా ఆ లోపం తీరదు.

అడిగినప్పుడు చెల్లించవలసిన అప్పుకు దావా గడువు, ఇచ్చిన తేదీ నుండి 3 సంవత్సరాలు. "ఇంట్లో మనిషే కదా" అని ఊరుకుంటే అప్పుకు కాలదోషం పడుతుంది. గడువు లోపల కొంత సొమ్ము ముట్టినప్పుడు నోటు వెనుక చెల్లు రాయించి సంతకం తీసుకుంటే, ఆ తేదీ నుండి మళ్లీ 3 సంవత్సరాలు లభిస్తాయి. గడువు దాటినా, బాకీదారు చెల్లిస్తానని కొత్తగా రాసి సంతకం చేస్తే ఆ వాగ్దానం చెల్లుతుంది.

స్త్రీధనం సంగతి వేరు

పుట్టింటివారు పెట్టిన నగలు భార్య సొంత ఆస్తి. వాటిని భర్తకు అప్పగించినంత మాత్రాన అవి అతనివి కావని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో స్పష్టం చేసింది. కష్టకాలంలో భర్త వాటిని వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన నైతిక బాధ్యత అతనిపై ఉంటుందని 2024లో మరో తీర్పులో పేర్కొన్నది. కనుక నగల బిల్లులు, పెళ్లినాటి ఫొటోలు, తాకట్టు రసీదులు భద్రపరచుకోండి.

బ్యాంకుకు బాకీదారు ఎవరు?

ఒక విషయం మరువరాదు. రుణపత్రంపై సంతకం మీదైతే, ఆ సొమ్ము ఎవరు వాడుకున్నా బ్యాంకుకు బాకీదారు మీరే. భర్త మీకిచ్చిన మాట మీ ఇద్దరి మధ్యదే. బ్యాంకు దానికి కట్టుబడదు. అందుచేత వాయిదా తేదీలకు ముందే ఆయన నుండి సొమ్ము రాబట్టుకునే ఏర్పాటు చేసుకోండి.

కాగితం రాయించుకోవడం అనుమానానికి గుర్తు కాదు. లెక్క స్పష్టంగా ఉన్న ఇంట తగవులకు చోటు తక్కువ. తగవు తప్పనిసరి అయినప్పుడు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం కల్పించింది. మీ మండల లేదా జిల్లా న్యాయసేవా సంస్థను సంప్రదించండి.